గురి తప్పితే ఎవరిది తప్పు?

మా మేనల్లుడు విజయవాడలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. సంక్రాంతి సెలవులకు మా ఇంటికి వచ్చాడు. ఒకరోజు రాత్రి పన్నెండు దాటాక పక్క గదిలో బల్ల మీద ఎవరో గుద్దిన చప్పుడు. వెళ్ళి చూస్తే వీడే. వాలరెంట్ అనే కంప్యూటర్ తుపాకుల ఆటలో చచ్చిపోయాడు. మొహం ఎర్రబడి ఉంది.

"మామయ్యా, నువ్వే చెప్పు. తల మీదే పెట్టాను. కాల్చాను. బుల్లెట్ పక్కనుంచి పోయింది. వాడు ఒక్కటి కొట్టాడు, నేను పోయాను. ఇదంతా లక్కు ఆట."

"ఎన్ని బుల్లెట్లు కాల్చావురా?"

"చూసుకోలేదు."

"నిలబడి కాల్చావా, కదులుతూ కాల్చావా?"

"నిలబడే ఉన్నాననుకుంటా."

"వాడు ఎంత దూరంలో ఉన్నాడు?"

దానికి జవాబు రాలేదు. ఈ అధ్యాయం వాడి కోసమే రాస్తున్నాను. ఓడిపోయినప్పుడు కోపం ఎవరి మీద పడాలో తెలియక బల్ల మీద చూపించే పిల్లలందరి కోసం కూడా.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు అని మన సామెత. ఆ రాత్రి వాడితో ఆ మాట అనబోయి ఆగిపోయాను. ఎందుకంటే ఈ ఆటలో మద్దెల నిజంగానే కాస్త ఓడు. ఆట తయారుచేసినవాళ్ళు కావాలనే, కొలిచి మరీ ఆ ఓడు పెట్టారు. అది ఎంత ఉంది, ఎప్పుడు పెరుగుతుంది, మన చేత్తో ఎంతవరకు మూయగలం అన్నవి తెలిసినవాడు స్థిమితంగా ఆడగలడు. తెలియనివాడు రెండు తప్పుల్లో ఒకటి చేస్తాడు. ప్రతిదానికీ అదృష్టాన్ని తిడతాడు, లేదంటే ప్రతిదానికీ తనను తాను తిట్టుకుంటాడు. రెండోది మరీ ప్రమాదం. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు రెండు మాటల మధ్య తేడా తెలియాలి. ఆటగాళ్ళు కూడా ఈ రెంటినీ కలిపేసి మాట్లాడుతుంటారు.

రీకాయిల్ అంటే తుపాకి తన్ను. నిజం తుపాకి పేలితే భుజాన్ని వెనక్కి తంతుంది, గొట్టం పైకి లేస్తుంది. ఆటలో కూడా మౌస్ కదపకుండా బటన్ నొక్కి పట్టుకుంటే తూటాలు ఒకదాని మీద ఒకటి పైకి ఎక్కిపోతాయి. ఆ ఎక్కడానికి ఒక దారి ఉంటుంది. దారి ఉన్నదాన్ని చేతికి నేర్పవచ్చు.

స్ప్రెడ్ అంటే చెదురు. క్రాస్‌హెయిర్‌ను, అంటే తెర మధ్యలోని గురి చుక్కను, ఎంత సరిగ్గా పెట్టినా తూటా అచ్చంగా ఆ చుక్క మీదికే పోదు. ఆ చుక్క చుట్టూ కంటికి కనిపించని ఒక చిన్న వలయం ఉంటుంది, దానిలో ఎక్కడో ఒకచోట పడుతుంది. ఎక్కడ పడాలన్నది కంప్యూటర్ పాచికలు వేసి తేలుస్తుంది. ఆ వలయంలో తూటా ఎటు పోతుందో ఎంత గొప్ప ఆటగాడైనా చెప్పలేడు. అయితే వలయం ఎంత పెద్దదిగా ఉండాలన్నది చాలావరకు మన చేతిలోనే ఉంది.

చిన్నప్పుడు గోలీలాడినవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. గట్టినేల మీద గోలీ సూటిగా దొర్లుతుంది, ఇసుక నేల మీద ఎటో పోతుంది. ఇసుకను తిడుతూ కూర్చున్నవాడి గోలీలన్నీ సాయంత్రానికి పక్కవాడి జేబులోకి పోయేవి. కాస్త దగ్గరగా ఉన్న గోలీని ఎంచుకున్నవాడు గెలిచేవాడు.

గోడ ముందు పది మ్యాగజైన్లు

మర్నాడు పొద్దున్న కాఫీలయ్యాక వాణ్ణి మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. వాలరెంట్‌లోనే రేంజ్ అని సాధన చేసుకునే చోటు ఒకటి ఉంది. అక్కడ మనల్ని చంపేవాళ్ళు లేరు, ర్యాంకు పోతుందన్న భయం లేదు.

"వాండల్ తీసుకో. గోడకు నాలుగైదు మీటర్ల దూరంలో నిలబడు. మౌస్ అసలు కదపకు. మొత్తం ఖాళీ చెయ్యి."

వాండల్ అనే ఆ రైఫిల్‌లో 25 తూటాలు. సెకనుకు 9.75 చొప్పున పేలుతాయి కాబట్టి రెండున్నర సెకన్లలో అంతా అయిపోతుంది. గోడ మీద మచ్చలు పడ్డాయి. వాటిని స్క్రీన్‌షాట్ తీయించాను. మళ్ళీ కాల్చమన్నాను, మళ్ళీ స్క్రీన్‌షాట్. ఇలా పది సార్లు. నాలుగోసారికే వాడికి విసుగొచ్చింది. ఈ పని మొదలుపెట్టినప్పుడు మీకూ వస్తుంది. ఆగకండి.

పది బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశాం. ప్రతి బొమ్మా ఒక కొబ్బరిచెట్టులా ఉంది. కింద మాను పదింటిలోనూ ఇంచుమించు ఒకటే, నిటారుగా పైకి పోయింది. పైన మట్టలు మాత్రం ఏ రెండింటిలోనూ ఒకలా లేవు. ఒకదానిలో ముందు ఎడమకు వాలి తర్వాత కుడికి తిరిగాయి, ఇంకోదానిలో ముందు కుడికే వాలాయి.

వాడు చాలాసేపు వాటి వంక చూసి, "అంటే పైన నేర్చుకోవడానికి ఏమీ లేదా?" అన్నాడు.

సరైన ప్రశ్న అది. వాలరెంట్‌లో మొదటి కొన్ని తూటాలకు తన్ను దాదాపు నిటారుగా ఉంటుంది. ఆ తర్వాత తుపాకి ఎడమకు ఊగాలా కుడికి ఊగాలా, ఎప్పుడు దిశ మార్చాలి అన్న దానిలో పాచికల పాత్ర ఉంది. కౌంటర్ స్ట్రైక్ అనే ఇంకో తుపాకుల ఆట ఆడి ఇటు వచ్చినవాళ్ళు ఇక్కడే తడబడతారు. అక్కడ ఏకే-47 తన్నే దారి ఎప్పుడూ ఒకటే. చివరి తూటా దాకా బట్టీ పట్టవచ్చు, దాని మీద కొంత చెదురు కలుస్తుంది, అంతే. ఏళ్ళ తరబడి పట్టిన ఆ బట్టీని ఇక్కడికి మోసుకొస్తే అది సగం దూరమే పనికొస్తుంది.

మానును నేర్చుకో, మట్టల జోలికి పోకు. మా వాడికి నేను చెప్పింది ఇంతే. మొదటి నాలుగైదు తూటాలకు మౌస్‌ను ఎంత కిందికి లాగాలో చేతికి అలవాటు చెయ్యాలి. లాగడం కుదిరిందని గోడే చెబుతుంది. నిలువుగా సాగిన మాను కుంచించుకుపోయి అరచేయంత మచ్చ అవుతుంది. మా వాడికి అది మూడో రోజుకు కుదిరింది. అంతకుముందు రెండేళ్ళ పాటు మొత్తం మ్యాగజైన్‌ను అదుపు చెయ్యాలని చూస్తూ, అది కుదరక, తన చేతిలోనే లోపం ఉందనుకున్నాడు పాపం.

పావు డిగ్రీ లెక్క

ఇప్పుడు స్ప్రెడ్ సంగతి. ఇక్కడ కాస్త లెక్క ఉంది, ఓపిక పట్టండి. ఈ అధ్యాయం మొత్తానికి ఆయువుపట్టు ఇదే.

నిలబడి కాల్చినప్పుడు వాండల్ మొదటి తూటా చెదురు 0.25 డిగ్రీలు. ఫాంటమ్ అనే ఇంకో రైఫిల్‌కు 0.2. వింటే అసలేమీ కాదనిపిస్తుంది. కానీ కోణం ఎంత చిన్నదైనా దూరం పోయేకొద్దీ విచ్చుకుంటుంది. పావు డిగ్రీ పక్కకు జరిగిన తూటా 10 మీటర్ల దగ్గర నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు తప్పుతుంది. 30 మీటర్ల దగ్గర 13 సెంటీమీటర్లు. 50 మీటర్ల దగ్గర దాదాపు 22. మామూలు మనిషి తల వెడల్పు పదిహేను సెంటీమీటర్ల చిల్లర. అంటే నుదుటి మధ్య నుంచి చెవి దాకా ఏడెనిమిది సెంటీమీటర్లే.

10 మీటర్ల దూరంలో తల నడిమధ్యన క్రాస్‌హెయిర్ పెడితే తూటా ఎటు చెదిరినా తల దాటిపోదు. అక్కడ తగలకపోతే తప్పు చేతిదే, మరో మాట లేదు. 50 మీటర్లలో వలయం తల కన్నా పెద్దదైపోతుంది. అక్కడ ఏ లోపమూ లేకుండా కాల్చినా తప్పిపోవచ్చు. మా వాడు ఆ రాత్రి నిజంగానే తల మీద పెట్టి ఉండవచ్చు. అబద్ధమాడుతున్నాడని నేను అనుకోను. కుడి బటన్ నొక్కి గురి దగ్గరికి తెచ్చుకుంటే ఈ వలయం కొంత కుదించుకుంటుంది. దూరపు పోరులో ఆ పని చెయ్యకపోవడం మాత్రం వాడి తప్పే.

కదులుతూ కాలిస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. చెదురు పావు డిగ్రీ దాటి డిగ్రీల్లోకి వెళ్తుంది. ఐదు డిగ్రీలు పక్కకు పోయిన తూటా 10 మీటర్లలోనే 87 సెంటీమీటర్లు తప్పుతుంది, మనిషి పక్కన నిలబడ్డ మనిషికి తగిలేంత. "నిలబడే ఉన్నాననుకుంటా" అన్న మాటను నేను పట్టుకున్నది ఇందుకే. వేలు మీట వదలడానికీ కాళ్ళు నిజంగా ఆగడానికీ మధ్య ఒక క్షణం ఉంటుంది. చాలామంది ఆ క్షణంలోనే కాల్చేస్తారు. ఆట సెట్టింగ్స్‌లో షూటింగ్ ఎర్రర్ అనే గ్రాఫ్ ఒకటుంది. మీ చెదురులో ఎంత కదలిక వల్ల వచ్చిందో, ఎంత వరసగా కాల్చడం వల్ల వచ్చిందో అది విడివిడిగా చూపిస్తుంది. దాన్ని ఒక వారం తెరిచి పెట్టి ఆడండి. ఎవరితోనూ వాదించే అవసరం ఉండదు.

ఇందాక రెండో తప్పు గురించి చెబుతానన్నాను. మా కాలనీలో ఒక అమ్మాయి ఉంది, డిగ్రీ చదువుతోంది, బాగా ఆడుతుంది. మా వాడిలా కోప్పడే మనిషి కాదు. తూటా తప్పితే ఆ రోజు సాధన ఇంకో గంట పెంచేది. దూరంగా ఉన్న శత్రువు తలకు ఒక్క తూటాతో తగిలేదాకా లేచేది కాదు. మణికట్టు వాచి కట్టు కట్టుకునే దాకా వచ్చింది. ఆమెను కూర్చోబెట్టి ఈ పావు డిగ్రీ లెక్క కాగితం మీద గీసి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "అయితే అంకుల్, అది నా చేతకానితనం కాదన్నమాట" అంది. కాదమ్మా. పాచికలకు సాధన నేర్పలేం. ఆమె ఇన్ని నెలలు మణికట్టు అరగదీసింది తన చేతిలో లేనిదాని కోసం. తన లోపం కానిదాన్ని తన మీద వేసుకుని నలిగిపోయేవాళ్ళు మన చుట్టూ చాలామంది ఉన్నారు. కోప్పడేవాళ్ళయితే కనీసం పైకి కనిపిస్తారు.

అసలు ఈ ఓడు ఎందుకు?

చెదురు మొత్తం తీసేస్తే సరిపోదా అని ఎవరైనా అడుగుతారు. తీసేస్తే ఏమవుతుందో ఆలోచించండి. పరిగెత్తుతూ కాల్చినా తూటా సూటిగా పోతే ఎవరూ ఆగరు. మూల దగ్గర కాచుకుని కూర్చున్నవాడి ఓర్పుకు విలువ ఉండదు. దగ్గరికి వాడే తుపాకితో ఎంత దూరానికైనా కాల్చవచ్చు, కాబట్టి ఇన్ని తుపాకులు అక్కర్లేదు. పోనీ అంతా చెదురే అయితే సాధనకు అర్థం లేదు, లాటరీ టికెట్టు కొన్నట్టే. మంచి ఆట ఈ రెంటి నడుమ ఎక్కడో తూకం పెట్టుకుంటుంది. ఒక్కో ఆట ఒక్కోచోట.

2007 అక్టోబర్‌లో వాల్వ్ సంస్థ విడుదల చేసిన టీమ్ ఫోర్ట్రెస్ 2 చూడండి. స్కౌట్ అనే పాత్ర చేతిలోని స్కాటర్‌గన్ ఒక్కసారి పేలితే 10 గుళ్ళు వెదజల్లుతుంది. అవి ఎటు చెదరాలన్నది పాచికలకు వదిలేయవచ్చు, లేదా ప్రతిసారీ ఒకే ఆకారంలో పడేలా సర్వర్‌లో నిర్ణయించవచ్చు. అలా స్థిరంగా పెడితే మూడు వరసల్లో మూడేసి గుళ్ళు చదరంగా పడతాయి, పదోది మధ్యలోకి పోతుంది. పోటీలు నడిపేవాళ్ళు ఈ రెండో పద్ధతినే ఎంచుకున్నారు. వినోదానికైతే పాచికలు ఫరవాలేదు, గెలుపోటములు తేల్చేటప్పుడు వద్దు అన్నది వాళ్ళ నిర్ణయం. అదే ఆటలో ఇంకో చిన్న అందం ఉంది. షాట్‌గన్ ఒకసారి కాల్చాక పావు సెకను ఆగితే, మళ్ళీ కాల్చినప్పుడు ఒక గుండు తప్పకుండా నడిమధ్యకే పోతుంది. ఆగినవాడికి ఆట ఇచ్చే బహుమతి అది.

2016 మేలో వచ్చిన ఓవర్‌వాచ్ దారి వేరు. అక్కడ పరిగెత్తినా ఎగిరినా గురి చెదరదు. చెదురు పాత్ర స్వభావంలోనే ఉంటుంది. రీపర్ చేతి తుపాకి ఒక్కో పేలుడుకు 20 గుళ్ళు చల్లుతుంది, అందుకే మీద పడి కాలిస్తేనే అతను ప్రమాదకరం. విడోమేకర్ స్కోప్‌లోంచి చూసి కాలిస్తే చెదురే లేదు, కానీ అలా గురి పెట్టినంతసేపూ నెమ్మదిగానే నడవాలి.

రయట్ గేమ్స్ 2020 జూన్ 2న వాలరెంట్‌ను విడుదల చేసినప్పుడు కౌంటర్ స్ట్రైక్, ఓవర్‌వాచ్ సంప్రదాయాలు రెంటినీ కలిపింది. తుపాకుల నియమాలు అందరికీ ఒకటే, ఆగి కాల్చాలి. పాత్రల శక్తులు ఆ నియమాలను అక్కడక్కడ సడలిస్తాయి. జెట్ అనే పాత్ర గాల్లో ఎగురుతూ విసిరే కత్తులు చెదరవు, అందుకే ఆమె ఆ శక్తి తీసుకుందంటే మిగతావాళ్ళు జాగ్రత్తపడతారు. 2024లో నియాన్ అనే ఇంకో పాత్ర నేల మీద జారుతూ కాల్చినా గురి చెదరకుండా మార్చినప్పుడు ఆటగాళ్ళ మధ్య పెద్ద గొడవే జరిగింది. అందరూ ఆగాల్సిన చోట ఒకరు ఆగనక్కర్లేదంటే, ఎదుటివాళ్ళు ఇన్నాళ్ళూ నేర్చుకున్న ఓర్పుకు విలువ పడిపోతుంది. ఆ గొడవలో న్యాయం ఉందనే నా అభిప్రాయం.

తూకం ఒకసారి పెట్టి వదిలేసేది కాదని కూడా ఈ ఆట చూపించింది. మొదటి ఏడాదిలో పరిగెత్తుతూ కాల్చి చంపుతున్నారని ఫిర్యాదులు వచ్చాయి. 2021 ఫిబ్రవరిలో రైఫిళ్ళు కదులుతూ కాలిస్తే చెదురు పెరిగేలా మార్చారు. ఆ ఒక్క మార్పుతో ఆగడం నేర్చుకున్నవాళ్ళకు మేలు జరిగింది, నేర్చుకోనివాళ్ళకు ఆట కష్టమైంది.

అన్నిటికన్నా నాకు నచ్చిన తూకం వాండల్‌కూ ఫాంటమ్‌కూ మధ్య ఉన్నది. రెండింటి ధరా ఆటలోని డబ్బులో 2900. పెద్ద కవచం వేసుకున్న మనిషికి 150 ప్రాణం. వాండల్ తూటా తలకు తగిలితే ఎంత దూరం నుంచైనా 160, ఒక్కదానితో సరి. ఫాంటమ్ తన్ను తక్కువ, చెదురు తక్కువ, వేగం ఎక్కువ, 30 తూటాలు, చప్పుడూ తక్కువే. ఇన్ని మంచి గుణాలకు అది చెల్లించే మూల్యం ఒక్కటే. తలకు తగిలితే దగ్గర్లో 156, దూరం పెరిగితే 150 కన్నా కిందికి పడిపోతుంది, రెండో తూటా కావాలి. ఏది మంచిదని నన్ను చాలామంది అడుగుతారు. మీరు సాధారణంగా ఎంత దూరంలో పోరాడతారో ముందు చెప్పమంటాను. తెలియదంటారు. అది తెలుసుకోండి, తుపాకి సంగతి దానంతటదే తేలుతుంది.

రోజూ చెయ్యాల్సింది

ఆటకు ముందు ఇరవై నిమిషాలు చాలు. మొదట గోడ ముందు మాను కుదించడం. తర్వాత దూరాన్ని బట్టి చేతిని మార్చడం. ఎదుటివాడు ఒక గది అంత దూరంలో ఉంటే నొక్కి పట్టి కాల్చవచ్చు. వీధి అంత దూరంలో ఉంటే మూడు నాలుగు తూటాలు, వదలడం, మళ్ళీ మూడు నాలుగు. అంతకన్నా దూరమైతే ఒకటి రెండు, మధ్యలో ఊపిరి తీసుకున్నంత విరామం. రైఫిల్ తన్ను తగ్గి మళ్ళీ మొదటి స్థితికి రావడానికి అర సెకను కూడా పట్టదు. ఆ అర సెకను ఆగలేక ఓడిపోయే పోరులే ఎక్కువ. సాధన బొమ్మల ముందు కాల్చేటప్పుడు కూడా ప్రతిసారీ రెండడుగులు పక్కకు కదిలి, ఆగి, అప్పుడే కాల్చండి. నిలబడ్డచోటే నిలబడి చేసే సాధన పోరులో పనికిరాదు.

మౌస్ సెన్సిటివిటీ రోజూ మార్చకండి. ఓడిన రాత్రి మార్చాలనిపిస్తుంది. మారిస్తే చెయ్యి నేర్చుకున్న మాను పోతుంది, మళ్ళీ మొదటికి వస్తారు. కనీసం నెల రోజులు ఒకే అంకె మీద ఉండండి. మౌస్‌ను పీక పిసికినట్టు పట్టుకోకండి. బిగిసిన చెయ్యి కిందికి లాగలేదు, కుదుపుతుంది.

చివరిగా ఒక నోటు పుస్తకం. ప్రతి ఆటలో మీరు చచ్చిన పోరులను రికార్డు చేసుకుని చూసి, మూడు వరసల్లో రాయండి. చేతి తప్పు: గురి సరిగ్గా పెట్టలేదు, ఆగకుండా కాల్చాను. ఎంపిక తప్పు: ఆ దూరంలో ఆ తుపాకితో అన్ని తూటాలు కాల్చకుండా ఉండాల్సింది. పాచికలు: ఆగాను, గురి తల మీదే ఉంది, మొదటి తూటానే, అయినా తగల్లేదు. మా వాడు మొదటి రోజు సగానికి పైగా మూడో వరసలో రాశాడు. రికార్డింగు మళ్ళీ నెమ్మదిగా నడిపించి చూపించాను. ఒక్కొక్కటే కొట్టేసి మొదటి రెండు వరసల్లోకి మార్చుకున్నాడు. వారం చివరికి మూడో వరసలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి. ఆ కొన్నిటికీ వాడు బాధపడలేదు, ఎందుకంటే అవి నిజంగా వాడివి కావు. కాలనీలో అమ్మాయి విషయంలో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరిగింది. అన్నీ మొదటి వరసలోనే రాసింది. వాటిలో కొన్నిటిని నేనే మూడో వరసలోకి మార్పించాల్సి వచ్చింది.

పుస్తకం పక్కన పెట్టి ఈ రాత్రే మొదలుపెట్టండి. ర్యాంకు ఆటకు ముందు రేంజ్‌లోకి వెళ్ళి, గోడ ముందు మౌస్ కదపకుండా పది మ్యాగజైన్లు ఖాళీ చేసి, పది బొమ్మలూ దాచుకోండి. నెల తర్వాత అదే గోడ ముందు, అదే దూరంలో, ఈసారి మౌస్ కిందికి లాగుతూ ఇంకో పది తీసి వాటి పక్కన పెట్టుకోండి.